పాలపండ్ల పూడిక - తడి విచారము

“ఊడిపోవు పంటికి వైద్యమేల?” అను మాట మన యిండ్లలో పరిపాటి. ఇది విమర్శకు నిలువదు. పాలదవడ పండ్లు ఎనిమిదియు రమారమి 10-12 ఏండ్ల వరకు నిలిచి, వెనుక వచ్చు పండ్లకు చోటు కాపాడును.

పుచ్చు తొలచి పెట్టిన పూడిక త్వరలో రాలినచో సిమెంటును నిందింతుము. దోషము తరచు ఉమ్మితడిది. కాంపోజిట్ తడిపంటిని పట్టదు. 1972లో విల్సన్, కెంట్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన గ్లాస్ అయానోమర్ కొంత తడి కోర్చును గాని, అదియు గట్టిపడు వరకు ఉమ్మి సోకరాదు.

తడి నాపుటకు దూదిచుట్టలు కలవు. 1864లో న్యూయార్కు దంతవైద్యుడు బార్నమ్ కల్పించిన రబ్బరు తెరయు కలదు. దూదికంటె తెరవలన పూడికలు మేలుగా నిలువవచ్చునని 2016 నాటి కోక్రేన్ సమీక్ష పలికినను, సాక్ష్యము బలహీనమనియు ఒప్పుకొన్నది. కావున తెర లేనిచో వైద్యమే వలదనుట అతివాదము. తడిసిన దూదిని మార్చకుండుట అలక్ష్యము.

అయినను ఈ చర్చలో మరుగుపడినది బిడ్డ. మార్కండి నుండి బరంపురమునకు పోయిన తెలుగుబిడ్డ, “నోరు మూయకుము” అను ఒడియామాట తెలియనిచో, నోరు మూయును, పూడిక తడియును. తడిచెక్కకు తారంటదని మన పడవవాండ్రెరుగుదురు. ఆ యుపమానముతో, తెలుగున, ముందుగనే బడియందు చెప్పుట ఉపాధ్యాయుల పని. తడి నాపు సాధనములలో మాతృభాషయు నొకటి.