ఒంటిమాను తల్లికి

పనస తల్లీ, నిన్ను మేం ముందు తిన్నాం. లేత కాయను పొట్టు కొట్టి, ఆవ పెట్టి, పెళ్లి విస్తళ్లలో వడ్డించాం. పండాక తొనలు ఒలిచాం, గింజలు నిప్పుల్లో కాల్చుకున్నాం. ఎవరింట్లో పండు కోశారో వీధి మొదట్లోనే తెలిసిపోయేది. కాపు ఉడిగి, మాను ముదిరి, లోపలి చేవ పచ్చగా పసుపు తేలాక, బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒక బాడిస నిన్ను పలకరించింది. అక్కడి నుంచి వీణగా నీ రెండో బతుకు మొదలు.

విజయనగరంలో రాయపూర్ లైను బండెక్కితే గజపతినగరం మీదుగానే బొబ్బిలి చేరతాం. ఆ రెండు కోటలకు నడుమ ఊరు గజపతినగరం. 1757 జనవరి 24న విజయనగరం కోట బొబ్బిలి కోట మీదికి ఫ్రెంచి బుస్సీ ఫిరంగులను నడిపించుకొచ్చింది. తాండ్ర పాపారాయుడి పేరు చెబితే ఇప్పటికీ ఈ దారిలో ముసలాళ్ల గొంతు మారుతుంది. ఆ యుద్ధాన్ని బుర్రకథలు చెప్పుకున్నంతగా నిన్ను ఎవరూ చెప్పుకోలేదు తల్లీ. బొబ్బిలి పొలిమేరలో పుట్టి విజయనగరం కచేరీల్లో కొలువు తీరినదానివి నువ్వు. వీణ వెంకటరమణదాసు విజయనగర సంస్థాన వైణికుడు. 1919లో అక్కడ సంగీత కళాశాల తెరిస్తే, దాని మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు పుట్టినదేమో బొబ్బిలి వైపు అజ్జాడలో. ఫిరంగి ఒక్కసారి వచ్చి వెళ్లిన దారి; నువ్వు తరతరాలుగా తిరుగుతున్నావు.

సర్వసిద్ధి వారి చేతుల గురించి చెప్పాలి. గొల్లపల్లిలో తరాలుగా వీణ చెక్కే వంశం అది. వాళ్లు నిన్ను ముక్కలు చేసి అతికించరు. కుండ, దండి, మెడ అన్నీ ఒకే దుంగలోంచి తీస్తారు. మొదట బాడిసతో పైరూపం. తర్వాత ఉలితో కడుపు తొలవడం. గోడ మందంగా మిగిలితే నాదం లోపలే మూలుగుతుంది. పలచనైతే తీగల బిగువుకు నిలవదు. ఆ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో ఏ కొలబద్దా చెప్పదు, చెయ్యే చెప్పాలి. ఉలి ఒక్క దెబ్బ ఎక్కువైతే మాను మొత్తం పోయినట్టే. అతుకుల వీణలో చెడిన భాగాన్ని మార్చుకోవచ్చు, ఏకాండి వీణలో ఆ వీలు లేదు. తొలిచిన కడుపును మూయడానికి పలక మాత్రం వేయక తప్పదు. ఆ పలక మీద నిలబడేది గుర్రం. తీగ కంపాన్ని వీపున మోసి కుండలోకి దించే గుర్రం అది. మెడ చివర యాళి ముఖం, కోరలు, గుడ్లురిమే కళ్లు. ఇంత మెత్తగా పాడే దేహానికి అంత ఉగ్రమైన తల ఎందుకు పెట్టారో! నాకైతే అది నీకు కాపలా కాస్తున్నట్టే తోస్తుంది.

ఆ పైన మేళం. తేనెమైనంలో నల్లపొడి కలిపి కాచి, దండి పొడవునా రెండు గట్లు పోసి, వాటి మీద 24 మెట్లు నిలపాలి. ఒక్కో స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలు. నాలుగు తీగలు పాటకు, మూడు తాళానికి. ఈ 24 మెట్ల కట్టడిని పదిహేడో శతాబ్దంలో తంజావూరు ఏలిన మన రఘునాథ నాయకుడి పేర చెబుతారు. మైనం మెత్తబడి మెట్టు వెంట్రుకవాసి జరిగినా రాగం తప్పుతుంది, మళ్లీ మేళం కట్టించుకోవాల్సిందే. కొని ఇంట్లో పెట్టుకుంటే చాలదు నిన్ను, వైద్యుడిలా నీ మేస్త్రీని కూడా జీవితాంతం తెలిసి ఉండాలి.

మా సీమకు మానును దేహంగా చూడటం కొత్త కాదు. పైడితల్లి అమ్మవారు పూజారి కలలోకి వచ్చి, సిరిమానుకు చింతచెట్టు ఎక్కడుందో చెబుతుందని విజయనగరం నమ్మకం. దసరా తర్వాతి మంగళవారం ఆ మాను చివర పూజారి కూర్చుని కోట దాకా ఊగుతూ వెళితే జనం అరటిపళ్లు విసిరి మొక్కుతారు. చెట్టును నరికే ముందు దానికి దణ్ణం పెట్టే జనం మధ్య పుట్టావు నువ్వు. నీకు అతుకులు పడకపోవడంలో నాకేమీ వింత లేదు.

దూరదేశంలో నీకో చుట్టం ఉంది. 1958లో అమెరికాలో గిబ్సన్ కంపెనీ ఫ్లయింగ్ వీ అనే ఎలక్ట్రిక్ గిటారు తెచ్చింది. బాణం ములుకులా రెండు రెక్కలు, నడుమ చీలిక. ఒళ్లో పెట్టుకుంటే జారిపోయే రూపం. జనం బెదిరారు, ఆ మొదటి విడతలో వంద కూడా అమ్ముడుపోలేదు. 1959కే చేయడం ఆపేశారు. కొన్నేళ్లకు ఆల్బర్ట్ కింగ్ చేతుల్లో అదే రూపం వెలిగింది, కంపెనీ 1967లో మళ్లీ మొదలుపెట్టింది, జిమీ హెండ్రిక్స్ కూడా అందుకున్నాడు. దానికి ఆ స్వేచ్ఛ ఎలా వచ్చిందంటే, కడుపు లేకపోవడం వల్ల. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగితీగ చుట్ట. ఉక్కుతీగ కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది, స్పీకరు పెట్టె అరుస్తుంది. చెక్క నక్షత్రంలా ఉన్నా, గొడ్డలిలా ఉన్నా పాటకు లోటు లేదు. నీకా వెసులుబాటు లేదు తల్లీ. నీ నడుం వంపు, నీ కుండ గుండ్రదనం, అన్నీ నాదం అడిగినవే.

అయితే గొల్లపల్లికి వెళ్లినవాళ్లు ఎక్కువగా కొనుక్కునేది నిన్ను కాదు. అద్దాల పెట్టెలో అమర్చిన చిట్టి వీణను. మంత్రులకు, అతిథులకు, పదవీ విరమణ సభల్లో పెద్దలకు శాలువాతో పాటు చేతికిచ్చేది దాన్నే. అది మోగదు, మోగాలని ఎవరూ అడగరు. కచేరీ వీణలు కొనేవాళ్లు కొద్దిమందే. పొయ్యి మాత్రం రోజూ వెలగాలి. మూగ బిడ్డ సంపాదనతో పాడే తల్లి బతుకుతోంది. నీకు భౌగోళిక గుర్తింపు ముద్ర దక్కినందుకు సంతోషమే, కానీ ఆ ముద్ర పనసమాను కొనిపెట్టదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడితో పాటు పనస చెట్లనూ కూల్చింది. వీణకు అక్కరకొచ్చేంత ముదురు మాను కావాలంటే ఒక తరం ఆగాలి.

నీకిప్పుడు మైకు తగిలిస్తున్నారు. సభల్లో గుర్రం పక్కన చిన్న బిళ్ల అంటించి తీగ లాగుతున్నారు. బెంగుళూరులో రాడెల్ వాళ్లు పెద్ద కుండ అవసరం లేని ఎలక్ట్రానిక్ వీణే చేశారు. సంప్రదాయం చెడిందని నొసలు ముడిచేవాళ్లున్నారు, నేను వాళ్లలో లేను. వెనకటి కళాకారులు నెమలి మెడతో, నెమలి కాళ్లతో మయూరీ వీణ చేశారు. కమానుతో వాయించే ఆ పక్షి ఒకటి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో నిలబడి ఉంది. రూపంతో ఆడుకోవడం మనకు గిబ్సన్ నేర్పింది కాదు. కడుపు బరువు తీరితే గొల్లపల్లి ఉలి ఏ రూపం చెక్కుతుందో చూడాలని ఉంది నాకు. తోటపల్లి కాలువ మీద వాలే కొంగా? బొబ్బిలి పులా? చంపావతి ఇసుకలో ఏరు గీసిన వంపా? మేస్త్రీ, ముదురు మాను దొరికినప్పుడు దాన్ని తల్లికే ఉంచండి. చిట్టి వీణలకు తీసిన పక్క చెక్క మిగిలి ఉంటే, దాని మీద ఒక్క ఉక్కుతీగ బిగించి, కింద రాగిచుట్ట పెట్టి చూడండి. ఆ మూగదానికీ గొంతు వస్తుంది.