ఎవరి నోట ఏ మాట

కథా చర్చల్లో అన్నిటికంటే తొందరగా తేలిపోయేది యాస. ఫిల్మ్ నగర్ ఆఫీసుల్లో హీరో పేరు మీద, హీరోయిన్ చదువు మీద, ఇంటర్వెల్ మీద రోజుల తరబడి వాదనలు నడుస్తాయి. "పనిమనిషికి శ్రీకాకుళం పెట్టేద్దాం", "విలన్‌కి సీమ", "ఫ్రెండ్ క్యారెక్టర్‌కి తెలంగాణ అయితే కామెడీ పండుద్ది" లాంటివి మాత్రం టీ తాగేలోపు ఖాయమైపోతాయి. ఎవరూ ఎవరినీ కించపరచాలని అనరు. మాటలు రాసేవాడు తలూపి రాసుకుంటాడు. ఆ ఒక్క నిమిషంలో ఒక ప్రాంతం మొత్తానికి కథలో కుర్చీ ఎక్కడ వెయ్యాలో నిర్ణయమైపోతుంది. మాటల రచయితగా నా బాధంతా ఆ నిమిషం గురించే.

అస్తిత్వ రాజకీయాలు అనగానే మా పరిశ్రమలో చాలామందికి గుర్తొచ్చేవి ధర్నాలు. 2012లో 'దేనికైనా రెడీ' మీద బ్రాహ్మణ సంఘాల నిరసనలు. 2019లో బోయ వాల్మీకుల అభ్యంతరంతో 'వాల్మీకి' సినిమా సరిగ్గా విడుదల ముందు 'గద్దలకొండ గణేష్'గా మారడం. ఇవి పత్రికల్లోకి ఎక్కిన గొడవలు. సాహిత్యంలో ఈ చర్చ చాలా ముందే వచ్చింది. 1993లో 'నీలిమేఘాలు', 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనాలు వచ్చేనాటికే స్త్రీలు, దళితులు తమ గురించి ఇతరులు రాసినదాన్ని తామే తిరగరాయడం మొదలైంది. ఎవరి గురించి ఎవరు రాస్తున్నారు, ఏ గొంతుతో రాస్తున్నారు అని వాళ్లు కవిత్వాన్ని అడిగారు. ఫిల్మ్ నగర్ కొండ మీదికి ఆ ప్రశ్న చాలా ఆలస్యంగా చేరింది.

నాది తెనాలి వైపు. నా మాటకు యాస ఉందని ఈ పరిశ్రమలో ఎవరూ నాకు చెప్పలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగును ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలుగా విడదీసి చూపించారు. తెలంగాణ ఉత్తర మండలం, రాయలసీమ దక్షిణం, ఉత్తరాంధ్ర తూర్పు, కృష్ణా గుంటూరు గోదావరి జిల్లాలు మధ్య మండలం. అంటే నాది కూడా నాలుగింటిలో ఒక మాండలికమే. దానికి 'మామూలు తెలుగు' హోదా ఎలా వచ్చిందో సినిమా చరిత్రే చెబుతుంది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల'కు తాపీ ధర్మారావు వ్యవహార భాషలో మాటలు రాశారు. గ్రాంథికం నుంచి బయటికొచ్చిన ఆ అడుగు చాలా పెద్దది, దానికి నేను రోజూ దండం పెడతాను. అయితే అలా తెర మీదికొచ్చిన వ్యవహారం ప్రధానంగా కోస్తా చదువుకున్నవాళ్ల వ్యవహారం. డబ్బు పెట్టినవాళ్లు, రాసినవాళ్లు, నటించినవాళ్లు ఎక్కువగా ఆ జిల్లాల నుంచే మద్రాసు రైలెక్కారు. ఎస్.వి. శ్రీనివాస్ 2013లో ఇంగ్లీషులో రాసిన 'పాలిటిక్స్ యాజ్ పెర్ఫార్మెన్స్' చదివితే తెలుగు సినిమాకూ, తెలుగుజాతి అనే భావనకూ, రాజకీయానికీ మధ్య ముడి ఎంత పాతదో అర్థమవుతుంది. 1982లో పార్టీ పెట్టి, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్ ఆత్మగౌరవం అన్నప్పుడు వినిపించిన తెలుగు, సినిమా అప్పటికే మనందరికీ నేర్పేసిన తెలుగు.

తర్వాత పరిశ్రమ హైదరాబాద్ వచ్చింది. 1970ల మధ్యలో అక్కినేని బంజారాహిల్స్ రాళ్ల మధ్య అన్నపూర్ణ స్టూడియోస్ కట్టారు. ఆ తర్వాత జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ నిండాయి. ఊరు మారింది గానీ తెర మీద తెలుగు మారలేదు. 1985లో 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు గారు తెలంగాణ మాటతో చేసిన విలన్ గొప్ప నటన, అందులో రెండో మాట లేదు. ఆయనది కృష్ణా జిల్లా కంకిపాడు. కానీ ఆ విజయాన్ని పరిశ్రమ తనకు అనుకూలంగా చదువుకుంది. రౌడీకి, లంచగొండి నాయకుడికి, కామెడీ తాగుబోతుకి ఆ యాస స్థిరపడిపోయింది. బి. నర్సింగరావు 'మా భూమి' నిర్మించారు, 'దాసి' తీశారు. 'దాసి'కి జాతీయ అవార్డులు వచ్చాయి. అవి వేరే దారి సినిమాలని పక్కన పెట్టేశారు.

మార్పును ఒక్క నటుడిలో చూడొచ్చు. 2016లో 'పెళ్ళిచూపులు'లో ప్రియదర్శి తెలంగాణ మాటతో నవ్వించిన స్నేహితుడు. మాటలకు తరుణ్ భాస్కర్‌కు జాతీయ అవార్డు వచ్చింది, మా వృత్తి వాళ్లం పండగ చేసుకున్నాం. అయినా ఆ యాస ఇంకా స్నేహితుడి దగ్గరే ఉంది. 2019లో 'మల్లేశం', 2023లో 'బలగం' వచ్చేసరికి అదే ప్రియదర్శి, అదే మాట, కథ మధ్యలో ఉన్నాడు. 'బలగం' చూడటానికి ఊళ్లలో తెరలు కట్టుకుని జనం కూర్చున్నారు. వేణు యెల్దండి ఆ సినిమాలో ఎవరినీ నవ్వించడానికి యాసను వాడలేదు. అక్కడ దుఃఖం కూడా ఆ మాటలోనే ఉంది.

ఇప్పుడు పని గురించి చెప్పాలి. దొంగ యాసను కనిపెట్టడం తేలిక. క్రియను కోస్తాలోనే వదిలేసి వాక్యం మీద గట్ల, గిట్ల, మస్తు చల్లుతారు. "నేను మస్తు కోపంగా ఉన్నాను, గట్ల చూడకు" అని రాస్తే అది ఏ ఊరి మాటా కాదు. 'వచ్చాడు' అనేది 'వచ్చిండు' అవుతుంది, కరీంనగర్ వైపు పల్లెల్లో 'అచ్చిండు' కూడా అవుతుంది. పాలమూరు మనిషి, ఓరుగల్లు మనిషి ఒకేలా మాట్లాడరు. ఒకే ఇంట్లో బీడీలు చుట్టే తల్లి, ఇంజనీరింగ్ చదివే కూతురు ఒకేలా మాట్లాడరు. ఆ తల్లి కులమేమిటో, ఎవరి వాకిట్లో నిలబడి మాట్లాడుతోందో కూడా వాక్యంలోకి వస్తుంది.

ఇంతవరకూ పుస్తకాలు చదివి నేర్చుకోవచ్చు. ఆ తర్వాతది నాకు నేర్పింది హుజూరాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అసిస్టెంట్ డైరెక్టర్. ముసలి అవ్వ కొడుకుని తిట్టే సీను పేజీన్నర రాసి అతనికి వినిపించాను. ఒక్క ముక్క దిద్దలేదు. "మాటలు మంచిగనే ఉన్నయ్ సార్. గని మా అవ్వకు నిజంగ కోపమొస్తే ఇంత మాట్లాడది. ఊకుంటది. అన్నం పెట్టి అవతలికి పోతది" అన్నాడు. పేజీన్నర తీసేశాం. ఆ సీను నిలబడింది. ఒక ప్రాంతం మనిషిని రాయడమంటే ఆ మనిషి ఎక్కడ మాట్లాడుతుందో, ఎక్కడ మాట్లాడదో తెలియడం కూడా.

కాబట్టి ఆ ఊళ్లో పుట్టినవాళ్లే ఆ ఊరి మాట రాయాలంటే నేను ఒప్పుకోను. తమిళనాడు నుంచి వచ్చిన సాయిపల్లవి 2017లో 'ఫిదా'లో బాన్సువాడ అమ్మాయికి తన గొంతే ఇచ్చి మెప్పించింది. పుట్టుకతో రాని భాషను శ్రద్ధతో తెచ్చుకోవచ్చు. కానీ దిద్దగలిగిన మనిషి గదిలో ఉండాలి, అతను దిద్దితే వినాలి. 'బలగం' తర్వాత నేను విన్న కథల్లో తెలంగాణ అంటే దావత్, చావు, కల్లు మాత్రమే. ఒక మూస పగిలిందని సంతోషించేలోపు ఇంకొకటి పోత పోస్తున్నారు. వరంగల్ ముస్లిం ఇంటి తెలుగు, లంబాడీ తండాలో పిల్లలు బడికెళ్లి నేర్చుకున్న తెలుగు ఎవరూ అడగట్లేదు. 'పుష్ప'తో చిత్తూరు మాట పెద్ద హీరో నోటికెక్కింది, జాతీయ అవార్డు తెచ్చింది. 'కేరాఫ్ కంచరపాలెం', 'పలాస 1978' వచ్చినా ఉత్తరాంధ్ర మనిషి మాత్రం మా చర్చల్లో ఇప్పటికీ వాచ్‌మన్‌గానే గేటు తీస్తున్నాడు.

అమెరికన్ తత్వవేత్త నాన్సీ ఫ్రేజర్ 1995లో రాసిన ఒక వ్యాసంలో అన్యాయాన్ని రెండు రకాలుగా చూడమంటుంది: గుర్తింపు దక్కకపోవడం, వాటా దక్కకపోవడం. ఒకటి దక్కితే రెండోది దానంతటదే రాదు. కృష్ణానగర్ అద్దె గదుల్లో ఉంటున్న కుర్రాళ్లను చూస్తే ఆ వ్యాసం నాకు బాగా అర్థమవుతుంది. వాళ్ల ఊరి మాటకు ఇప్పుడు మార్కెట్ ఉంది. ఆ మాటను వెర్షన్ వెర్షన్‌కీ దిద్ది, డబ్బింగ్ థియేటర్‌లో ఆర్టిస్టుల పక్కన నిలబడి పలికించే పనిని మాత్రం సాయంగా చూస్తారు, ఉద్యోగంగా చూడరు. టైటిల్స్‌లో పేరుండదు. దానికని విడిగా డబ్బు ఇవ్వరు.

నేను ఇప్పుడు ఒప్పుకునే ప్రతి సినిమాకీ సంతకం పెట్టేముందు ఒక షరతు రాయిస్తున్నాను. యాస దిద్దే మనిషికి టైటిల్స్‌లో 'మాటలు' కార్డులో నా పేరు కింద పేరు వెయ్యాలి, మొదటి అడ్వాన్స్ నాతోపాటే ఇవ్వాలి. ఇద్దరు నిర్మాతలు కుదరదన్నారు. ఒకరు ఒప్పుకున్నారు, ఆ సినిమా పని వచ్చే నెల మొదలవుతుంది.