అచ్చక్షరం ఎవరి సొత్తు? – మర్రకేష్ ఒప్పందంపై కొన్ని ఆలోచనలు

సాహిత్యం ప్రజల ఆస్తి అని మనం తరచు అంటూ వుంటాం. ఆ మాట నిజం కావాలంటే పుస్తకం ప్రజలందరికీ అందాలి. చూపులేని పాఠకుడికి అందాలంటే దాన్ని బ్రెయిలీలోకో, ఆడియోలోకో మార్చాలి. చట్టం దృష్టిలో అలా మార్చడమంటే ప్రతి తీయడమే. ప్రతి తీయాలంటే కాపీరైటు యజమాని అనుమతి కావాలి. యీ చిక్కు విప్పడానికి 2013 జూన్ 27న మొరాకోలోని మర్రకేష్ నగరంలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. సాహిత్య విద్యార్థులు దాని గుణదోషాలను విచారించడం అవసరమని నా అభిప్రాయం.

దీనికి పునాది 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో వుంది. సమాజం నిలబెట్టిన అడ్డుగోడలే మనిషిని అశక్తుణ్ణి చేస్తాయన్నది ఆ ఒడంబడిక దృక్పథం. మేధోసంపత్తి చట్టాలు అటువంటి అన్యాయమైన అడ్డుగోడ కారాదని దాని 30వ అధికరణం చెబుతుంది. జాలి అడుగుతున్నచోట హక్కు వచ్చి నిలిచింది.

మేధోసంపత్తి ఒప్పందాలు సాధారణంగా యజమాని హక్కును పెంచుతాయి. మర్రకేష్ ఒప్పందం పాఠకుడి పక్షాన ఆ హక్కుకు హద్దు గీసింది. పుస్తకం చేత పట్టుకోలేనివారినీ, పేజీ తిప్పలేనివారినీ కూడా లెక్కలోకి తీసుకున్నది. ఒక సభ్యదేశపు సంస్థ తయారుచేసిన ప్రతిని మరొక సభ్యదేశానికి పంపే వీలు కల్పించింది. ఇది నిస్సందేహంగా ముందడుగు.

అయితే లోపాలూ వున్నాయి. తగిన రూపంలో బజారులో దొరకని పుస్తకాలకే యీ మినహాయింపును పరిమితం చేసుకునే వీలు ప్రభుత్వాలకు వుంది. ప్రతిఫలం చెల్లించాలా వద్దా అన్నదీ వాటికే వదిలారు. మార్కెట్టుకు దొడ్డిదారి మిగిలే వుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి: ఒప్పందం నిషేధాన్ని తొలగించిందే గాని, పుస్తకాన్ని తయారుచేసే బాధ్యతను ఎవరిమీదా పెట్టలేదు.

దీన్ని 2014 జూన్‌లో అందరికన్నా ముందు ధృవీకరించిన దేశం మనదే. 2012లోనే మన కాపీరైటు చట్టాన్ని యీ దిశగా సవరించారు. కాని తెలుగు పుస్తకాలు ఎన్నో యూనికోడ్ కాని ఫాంట్లలో తయారయ్యాయి. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఆ అక్షరాలు అర్థం కావు. స్కాన్ చేసిన పేజీ దానికి వట్టి బొమ్మ. ఎవరో కూర్చుని చదవదగిన రూపంలోకి మారిస్తే తప్ప మన నవల, మన విమర్శ ఆ విద్యార్థికి చేరవు. చట్టం తలుపు తీసింది; గడప దాటించే శ్రమకు డబ్బు కేటాయించేవారు కావాలి.

పేద రచయిత నోటికాడి కూడు తీస్తున్నారనే అభ్యంతరం వుంది. చూపులేని పాఠకుడు కొనదగిన రూపంలో పుస్తకం అసలు అమ్మకానికే లేనప్పుడు రచయిత పోగొట్టుకునేదేమిటి? అతనికి దక్కేది కొత్త పాఠకుడు. సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే తెలుగు రచయితకు అది తక్కువ లాభం కాదు.

కనుక ప్రజాధనంతో వెలువడే ప్రతి పుస్తకానికీ యూనికోడ్ ప్రతి వుండాలని విశ్వవిద్యాలయాలనూ, ప్రభుత్వాన్నీ నిలదీయాలి. ఆ పని మన ప్రచురణలతోనే మొదలుపెట్టాలి. ప్రజల కోసం రాస్తున్నామనే మనం, ఆ ప్రజలలో కొందరికి మన పేజీ మూసివున్నంతకాలం, మన మాటకు బాకీపడే వుంటాం.