ఇరవై రెండు వేల కత్తి

సోమవారం పొద్దున్నే మా మేనల్లుడి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక కత్తి ఫొటో వచ్చింది. కింద ఒక్కటే మాట: "మామయ్యా, ఇరవై రెండు వేలు పడుతోంది. తీసుకోనా?" కత్తి పేరు ఫాల్క్‌నివెన్ ఎఫ్1. స్వీడన్ వాళ్లది. జానెడు కూడా లేని బ్లేడు, నల్లటి పిడి, నల్లటి ఒర. ఫొటో వెంట వీడియోలు కూడా పంపాడు. ప్రతి వీడియోలోనూ ఎవరో ఒక గడ్డపాయన కత్తిని మొద్దు మీద నిలబెట్టి, దాని వీపు మీద ఇంకో కర్రతో బాదుతూ కట్టెలు చీలుస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. కట్టెలు చీల్చడానికి గొడ్డలి ఉండగా కత్తిని అట్లా హింస పెట్టడం ఎందుకు? అది ఎన్ని దెబ్బలకు ఓర్చుకుంటుందో చూసి కొనుక్కునే వస్తువా కత్తి?

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదలలు కొత్త కాదు. సానరాయి లేని ఇంట్లో ఎంత మంచి కత్తి ఉన్నా ఆర్నెల్లలో రేకుముక్క అవుతుందని ఎన్నోసార్లు రాశాను. మిక్సీలు వచ్చాక అటకెక్కిన కత్తిపీటల గురించి రాసినప్పుడల్లా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. పనిముట్టు విలువ దుకాణంలో తేలదని, వాడే చేతిలో తేలుతుందని నా నమ్మకం. కాబట్టి వాడికి వెంటనే "వద్దురా" అని కొట్టేయాల్సింది. కొట్టలేదు. అడిగినవాడికి కారణం చెప్పకుండా వద్దనడం నాకు చేతకాదు. కారణం వెతుక్కుంటూ వారమంతా గడిచింది.

ముందు ఆ కత్తి సంగతి చూద్దాం. స్వీడన్ వైమానిక దళం తన పైలట్ల కోసం 1995లో ఎంచుకున్న కత్తి ఇది. విమానం కూలి, పారాచూట్‌తో మంచులో దిగినవాడి దగ్గర గొడ్డలి ఉండదు. తడిసిన అడవిలో ఎండు కట్టె దొరకాలంటే మొద్దును చీల్చి లోపలి చెక్క తీయాలి. ఆ గడ్డపాయన చేస్తున్న పనికి మూలం అదన్నమాట. బ్లేడు పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ, మందం నాలుగున్నర మిల్లీమీటర్లు. పిడి చివరిదాకా ఒకే ఉక్కు ముక్క, ఆ ముక్క పిడి అవతల కొద్దిగా బయటికి కూడా వస్తుంది. మధ్యలో గట్టి ఉక్కు పొర, దానికి అటూ ఇటూ మెత్తటి ఉక్కు. ఆ మధ్య పొర వీజీ10 అనే జపాన్ ఉక్కు. దాంట్లో నూటికి ఒక పాలు కార్బన్, పదిహేను పాళ్ల దాకా క్రోమియం. తుప్పు పట్టదు, పదును చాలాకాలం నిలుస్తుంది.

అదే స్వీడన్‌లో మోరా అనే ఊరు ఉంది. అక్కడ 1891 నుంచీ కత్తులు చేస్తున్నారు. మోరా కంపానియన్ అనే కత్తికి రెండున్నర మిల్లీమీటర్ల బ్లేడు, ప్లాస్టిక్ పిడి, ప్లాస్టిక్ ఒర. ఎఫ్1 ధర పెడితే ఇవి అరడజను వస్తాయి. ఆ దేశంలో వడ్రంగులు, రైతులు, బడిపిల్లలు అందరి చేతుల్లోనూ ఉండే కత్తి అది. పుల్ల చెక్కడానికైనా చేప కోయడానికైనా దాన్ని మించింది అక్కర్లేదని అక్కడివాళ్లే అంటారు.

మరి మావాడికి దేనికి? "అడవికి తీసుకుపోతా" అంటాడు. ఏ అడవికి? అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టకూడదు. ఆ చట్టం ఆయుధం అని చెప్పినవాటిలో విల్లు, బాణం, వల, ఉచ్చులతో పాటు కత్తి కూడా ఉంది. ట్రెక్కింగ్‌కు పోయే పిల్లల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు ఎక్కువమంది తగల్లేదు. ఆయుధాల చట్టం మాట వేరు. ఇంటికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవి కాకుండా తొమ్మిది అంగుళాలకు మించి పొడవు గానీ, రెండంగుళాలకు మించి వెడల్పు గానీ ఉన్న కత్తులను ఆయుధాల కింద లెక్కగడుతుంది అది. ఎఫ్1కు ఆ బాధ లేదు. కానీ ఫారెస్ట్ గార్డు ముందు ఆ లెక్క పనికిరాదు. ఇక మిగిలింది వికారాబాద్ దగ్గర వాడు కొన్న రెండెకరాల మామిడి తోట. శనివారం పోయి, గుడారం వేసి, నెగడు పెట్టుకుని, ఆదివారం కొమ్మలు కత్తిరించి వస్తాడు. అంతే.

తోట అనగానే మా ఊరు గుర్తొచ్చింది. మాది జగిత్యాల వైపు. ఊరి చివర చింతచెట్టు కింద కొలిమి ఉండేది. నాగలి కర్రు సరిచేసినా, కొడవళ్లకు కక్కులు కొట్టినా రైతులు ఆచారికి డబ్బు ఇచ్చేవాళ్లు కాదు. ఏడాదికోసారి కళ్లం దగ్గర వడ్లు కొలిచేవాళ్లు. ఆ కొలిచేటప్పుడు పెద్ద రైతులు కూడా కుంచం తలగొట్టడం నా కళ్లారా చూశాను. "ఏం జేసినవే ఆచారీ ఈ ఏడు?" అని అడిగి మరీ తగ్గించేవాళ్లు. ఆయన మారు మాట్లాడేవాడు కాదు.

తాళ్లెక్కే గౌడు వచ్చినప్పుడు మాత్రం కొలిమి దగ్గర వ్యవహారం వేరుగా ఉండేది. గీత కత్తికి ఉక్కు ఆయనే తెచ్చుకునేవాడు. కరీంనగర్‌లో పాత ఇనుము కొట్లో ఏరిన లారీ కమాన్ కట్ట ముక్క. దాన్ని ఆచారి చేతిలో పెట్టి, కొలిమి పక్కనే గొంతుక్కూర్చునేవాడు. లేచేవాడు కాదు. సమ్మెట కొట్టేవాడు మారినా, పూట మారినా ఆయన అక్కడే. కత్తి ఆకారం వచ్చి ఆకురాయి పట్టడం అయ్యాక, పదును పట్టించే పని మిగిలేది. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచే ఆ పని ఆచారి పగటిపూట చేసేవాడు కాదు. "ఎండల ఎరుపు కండ్లకు ఆనది" అనేవాడు. మర్నాడు తెల్లవారకముందే ఇద్దరూ కొలిమి దగ్గర ఉండేవాళ్లు. నిద్ర మానుకుని నేనూ పోయేవాణ్ని.

ఆ పని దగ్గర్నుంచి చూసినవాళ్లు మరిచిపోలేరు. కాలిన కత్తిని పటకారుతో పట్టి వాదర వైపు మాత్రమే నీళ్లలో ముంచేవాడు. వెంటనే తీసి, రాతిముక్కతో గబగబా రుద్ది వాదర వెంట ఇనుము తెల్లగా కనపడేట్టు చేసేవాడు. వీపులో మిగిలిన వేడి వాదర వైపు పాకేది. ఆ తెల్లటి చోట ముందు ఎండుగడ్డి రంగు తేలేది, తర్వాత గోధుమ రంగు, ఇంకాస్త ఆగితే ఊదా, ఆపైన నీలం. గోధుమ రంగు వాదర అంచుకు చేరే క్షణం చూసి కత్తి మొత్తం ముంచేసేవాడు. ముందే ముంచితే వాదర పెళుసై పెచ్చులూడుతుంది. ఆలస్యమైతే మెత్తబడి ఒరిగిపోతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న వ్యవధి ఊపిరి తీసుకునేంత కూడా ఉండదు. థర్మామీటరు లేదు, గడియారం లేదు, ఆ మనిషి కన్నే.

అంత చేసినా గౌడు ఊరికే తీసుకునేవాడు కాదు. ముంజేతి వెంట్రుకలు గీసి చూసేవాడు. తాటిమట్ట ముక్క మీద కాగితమంత పల్చగా పొర తీసి, మళ్లీ వాదర మీద బొటనవేలు ఆనించి చూసేవాడు. "ఇగో ఇక్కడ ఒరిగింది" అంటే ఆచారి ఇంకోసారి కొలిమిలో పెట్టేవాడు. విసుక్కునేవాడు కాదు. మొద్దు కత్తితో గెల గీస్తే నార నలిగి కల్లు ఆగిపోతుంది. పొద్దునా సాయంత్రం చెట్టెక్కి, మోకు మీద భారం మోపి గీసేవాడికి కత్తి బాగుంటేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. అందుకే ఆయన డబ్బు దగ్గర బేరం చేయలేదు. "పైసల సంగతి నువ్వే జెప్పు, పదును మాత్రం నేను జెప్పినట్టు గావాలె" అనేవాడు. ఒక్క గీత కత్తికి ఆయనిచ్చిన నగదు, ఒక రైతు ఏడాదంతా పనికి కొలిచిన వడ్ల ధర కంటే ఎక్కువని ఆచారి భార్య మా అమ్మతో చెప్పడం విన్నాను.

ఉక్కు దగ్గర ఇంత పట్టుదల మా గౌడు ఒక్కడిదే కాదు. కోనసముద్రం మాకు పెద్ద దూరమేం కాదు. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో ఉంది. మూసిన మట్టి మూసల్లో ఇనుమును ఒక పగలూ ఒక రాత్రీ కాచి, నూటికి ఒకటిన్నర పాళ్ల దాకా కార్బన్ ఎక్కించిన ఉక్కు ముద్దలు చేసిన ఊరు. డమాస్కస్ కత్తులని ప్రపంచం చెప్పుకున్న వాటికి ఇటువంటి ఉక్కే ముడిసరుకు. మైకేల్ ఫారడే, లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ కలిసి దీని రహస్యం పట్టుకోవాలని చేసిన ప్రయోగాలను 1820లో ప్రచురించారు. అదే దశకంలో హెన్రీ వాయ్సీ అనే సర్వే ఉద్యోగి కోనసముద్రం వచ్చి చూసి రాసిన వివరాలు, ఆయన చనిపోయాక 1832లో అచ్చయ్యాయి. ఉత్తర తెలంగాణ ఇనుము, ఉక్కు పరిశ్రమ మీద ఎస్. జైకిషన్ ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి చేసిన పరిశోధన ఉంది. మన జిల్లా గ్రంథాలయాల్లో అది కనపడకపోవడం నాకు ఎప్పటినుంచో ఉన్న బాధ.

వాయ్సీ రాసినదాంట్లో నన్ను వదలని మనిషి ఒకాయన ఉన్నాడు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కొనడానికి వచ్చిన వర్తకుడు. సరుకు మూట కట్టించుకుని పోలేదాయన. కొలిమి దగ్గర కూర్చుని పని దగ్గరుండి చూసుకునేవాడు. పాళ్లు తూకం వేయించేవాడు, ముద్దల గట్టిదనం పరీక్షించేవాడు. సముద్రాలు దాటి వచ్చిన ఆ వర్తకుడూ, మా ఊరి గౌడూ ఒకే తీరున కూర్చున్నారు. ఒక ముద్ద అద్భుతంగా వచ్చి, పక్క ముద్ద పగిలిపోయే పని అది. డబ్బు పెట్టేవాడు ఉక్కుకు పెట్టినంతా, అది తప్పకుండా మంచిదై ఉంటుందన్న భరోసాకూ పెట్టాలి. ఆ భరోసా దొరకాలంటే అప్పట్లో పక్కన కూర్చోవడం ఒక్కటే దారి.

ఇక్కడిదాకా ఆలోచించాక ఆ ఇరవై రెండు వేల మీద నా కోపం నిలబడలేదు. ఫ్యాక్టరీలో వేడిని డిగ్రీల లెక్కన పట్టుకుంటారు. చేసిన ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ యంత్రం మీద కొలుస్తారు. నిన్నటి కత్తీ రేపటి కత్తీ ఒకేలా ఉంటాయి. కొలిమి పక్కన కూర్చున్న గౌడు పనిని అక్కడ యంత్రాలూ తనిఖీలూ చేస్తున్నాయి. ఆ పనికి జీతాలున్నాయి, పడేసిన సరుకు నష్టం ఉంది, అవన్నీ ధరలోకి వస్తాయి. చౌకగా మంచి కత్తి దొరకడమే మన సంప్రదాయం అని మనం చెప్పుకుంటాం. నేనూ ఈ కాలమ్‌లో చాలాసార్లు ఆ ధోరణిలోనే రాశాను. చౌక మాత్రం కమ్మరి పెట్టిన ధర కాదు, కుంచం తలగొట్టినవాళ్లు పెట్టింది. పని విలువ తెలిసినవాడు మా ఊళ్లో కూడా అడిగినంత ఇచ్చాడు.

కాబట్టి ఎఫ్1 ఖరీదు ఎక్కువ కాదు. ఈ మాట మేనల్లుడికి ముందుగా చెప్పాను. వాడు ఎగిరి గంతేశాడు. ఆ తర్వాత రెండో మాట చెప్పాను: ఆ కత్తి నీ తోటకు పనికిరాదు. నాలుగున్నర మిల్లీమీటర్ల మందం మొద్దు చీల్చడానికి మంచిదే. మామిడికాయ మీద పెడితే ముక్క తెగదు, పగులుతుంది. ఉల్లిగడ్డ కోస్తే చక్రాలు రావు. దాని వాదర బియ్యపుగింజ పొట్టలా రెండు పక్కలా గుండ్రంగా దిగుతుంది. మామూలు సానరాయి మీద ఆ గుండ్రం చెడకుండా పట్టడానికి చేయి తిరగాలి. ఇంతవరకూ రాయి ముట్టని నీకు మొదటి పాఠం అది కాకూడదు. మోరా వాదర రెండు వైపులా తిన్నగా, వెడల్పుగా ఉంటుంది. ఆ తిన్నటి భాగాన్ని రాయి మీద ఆనిస్తే కోణం దానంతటదే కుదురుతుంది. నేర్చుకునేవాడికి అంతకంటే మంచి గురువు లేడు. స్టెయిన్‌లెస్‌దే తీసుకో, లేకపోతే మామిడి సొనకు ఒక్కపూటలో నల్లబడుతుంది. వెయ్యి గ్రిట్ రాయి ఒకటి కొను. ఇవి రెండూ కలిపినా నువ్వు పెట్టాలనుకున్నదాంట్లో ఐదో వంతు కాదు.

"మిగతా డబ్బు?" అన్నాడు. మిగతాది కొమ్మలు నరికే కత్తికి. తోటలో అసలు పని దానిదే, మోరా చేయలేదు, ఎఫ్1 కూడా సరిగా చేయలేదు. సంతలో మూడొందలకు దొరికేది వద్దని గట్టిగా చెప్పాను. ఆ ధరకు అమ్మేవాడు పదును పట్టించడానికి తెల్లవారుజాము దాకా ఆగలేడు, రెండోసారి కొలిమిలో పెట్టలేడు.

చింతచెట్టు కింది కొలిమి ఇప్పుడు లేదు. ఆచారి కొడుకు మెట్‌పల్లి రోడ్డు మీద వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు, గేట్లూ గ్రిల్సూ చేస్తాడు. వెనకాల చిన్న కొలిమి ఉంది, బ్లోయరు పెట్టాడు. బుధవారం ఫోన్ చేసి, కొమ్మలు కొట్టే కత్తి ఒకటి కావాలి, మీ నాయన గౌడుకు చేసినట్టు చేస్తావా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఉక్కు ఎక్కడిదని అడిగాడు. కమాన్ కట్ట మేమే తెస్తామన్నాను. పిడికి తుమ్మ కర్ర కూడా మమ్మల్నే తెమ్మన్నాడు, ఎండినది కావాలన్నాడు. "మీ అల్లుడు వస్తే రాత్రికే రమ్మను సార్, పదును పొద్దుగాల్నే పడుతది, ఆయన చూడాలె" అన్నాడు. ధర ఎంత అంటే ఐదు వేలు అన్నాడు. ఆ అంకె చెప్పడానికి కాస్త తడబడ్డాడు. సరేనన్నాను. మేనల్లుడు వచ్చే శుక్రవారం రాత్రి బస్సుకు టికెట్ తీశాడు.