బండి యాదగిరి పాటకు పీఠిక

ఈ గ్రంథాన్ని చేతికెత్తుకొన్న సహృదయుడు మొదటి పుట తిప్పక ముందే ఒక ప్రశ్న వేసుకోవాలి: 'బండెనక బండి కట్టి' అన్న పాట ఎవరిది? పదిమందిలో తొమ్మండుగురు గద్దర్‌ది అంటారు. 1980లో విడుదలైన 'మాభూమి' చిత్రంలో గొంగడి కప్పుకొని, కర్ర చేతబట్టి, ఆ మహాగాయకుడు దానిని పాడిన నాటి నుండి లోకానికి అది ఆయన పాటే అయింది. దానికి మూడు దశాబ్దాలకు పూర్వమే, తెలంగాణ సాయుధ పోరాటపు నిప్పుల నడుమ దానిని కట్టిన బండి యాదగిరి నామధేయం మాత్రం వ్యాసాల మధ్య ఒకానొక చిన్న వాక్యంగా మిగిలింది. ఆ వాక్యాన్ని గ్రంథంగా పెంచిన పరిశ్రమ బోధన్ ప్రాంతపు రుద్రూరు యువకుడైన ఈ గ్రంథకర్తది.

పాట స్వరూపాన్ని కొంచెం నిదానించి చూడండి. వరుసగా కట్టిన బండ్లను చూపి, వీటిలో దేనినెక్కి పోతావని నైజాము ప్రభువునే నిలదీసి, సూర్యాపేట, నల్లగొండల పేర్లు చెప్పి, హైదరాబాదు చేరి, గోలకొండ కోట నీడలోనే ఆయనకు సమాధి కడతామని శపథం చేసే ఆ రచనలో ఒక రాజ్యపు భూగోళమంతా నాలుగైదు చరణాలలో ఇమిడింది. వెట్టిచాకిరితో నడుము వంగిన నిరక్షరాస్య జనానికి ప్రభువును ఏకవచనంలో పిలిచే ధైర్యం ఆ పాట ఇచ్చింది. ఒకరు ఎత్తుకోగా పదిమంది అందుకొనే దాని కూర్పును ఏ ఛందశ్శాస్త్రమూ నేర్పలేదు; పొలంగట్ల మీద, బండ్ల బాటల మీద తరతరాలుగా సాగిన శ్రమగీతాల వారసత్వమే నేర్పింది. సుద్దాల హనుమంతు 'పల్లెటూరి పిల్లగాడా' కూడా ఆ వంశంలోనిదే; రెండు పాటలూ ఒకే చిత్రంలో చేరడం యాదృచ్ఛికమని నేననుకోను.

ఆ చిత్రానికి మూలం కృష్ణ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. దర్శకుడు వంగదేశీయుడైన గౌతమ్ ఘోష్. నిర్మాతలలో ఒకరు మన బి. నర్సింగరావు. ఇన్ని భాషల చేతుల మీదుగా నడిచినా పాటలోని పల్లె యాస చెక్కుచెదరలేదు. తరువాత ప్రత్యేక రాష్ట్రోద్యమ సభలలో జనం ఆ పాట అచ్చును అట్లాగే ఉంచి, ప్రభువు స్థానంలో తమ కాలపు పాలకుల పేర్లు చేర్చి పాడుకొన్నారు. ఏ పాటకైనా ఇంతకు మించిన విజయం ఏముంటుంది? అయితే పేరు మార్చి పాడుకొనే ఆ సౌలభ్యమే కర్త పేరును కూడా మింగివేసిందని గ్రంథకర్త చేసిన పరిశీలన నాకు సమంజసంగా తోచింది.

ఇక స్థలవిశేషం. నల్లగొండ గడ్డపై పుట్టిన పాటకు బోధన్ ప్రాంతీయుడు వ్యాఖ్యాత కావడం వింతగా కనబడవచ్చు. మంజీరపై నిజాంసాగర్ కట్టి, 1930ల చివర బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర కర్మాగారం నెలకొల్పి, ఈ సీమను పచ్చబరచినది ఆ నైజాము ప్రభుత్వమే కదా! పాట దూషించిన చేయీ, కాలువ తవ్వించిన చేయీ ఒకటే. ఈ నిజాన్ని రచయిత దాచలేదు. దానిని చూపి వెట్టి దుర్మార్గాన్ని పలుచన చేయనూ లేదు. ఈ సమతూకం ఇందూరు (నిజామాబాదు) సీమకు కొత్తది కాదు. 1948లో ఇక్కడి చెఱసాల గోడ మీద కవి దాశరథి బొగ్గుతో పద్యాలు రాసినప్పుడు, ఆ గోడల వెలుపల నిజాంసాగర్ నీటితో పైరు పచ్చగానే ఉంది. అంతేకాక, కర్మాగారపు గేటు ముందు చెఱకుబండ్లు ఒకదాని వెనుక ఒకటి నిలిచిన దృశ్యం చూసిన జనానికి ఆ పాట పల్లవి ఎవరూ వివరించనక్కరలేకుండానే అర్థమవుతుంది. ఆ దృశ్యం ఇప్పుడు లేదు; 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది.

లోపాలు లేవనను. సినిమా ప్రకరణం ఉండవలసిన దానికన్నా దీర్ఘమైంది. పాటకు స్వరలిపి లేకపోవడం వెలితి, మలిముద్రణలో అది పూరించాలి. వర్ని, కోటగిరి, రుద్రూరు వృద్ధుల నోట విని కూర్చిన పాఠాంతరాల ప్రకరణం మాత్రం ఈ గ్రంథానికి ప్రాణం. పాఠకులు దానిని మౌనంగా చదవవద్దు. పల్లవి అందుకోవడానికి పక్కన ఒకరినైనా కూర్చోబెట్టుకొని, గొంతెత్తి చదవండి.