పెరటి పొద ఊరూ పేరూ

పేరు తెలియని పూలపొదను పోల్చుకోదలచినవారు పువ్వును చివరికి వదిలి ఆకునూ కణుపునూ ముందుగా చూడాలని ఈ శీర్షిక చదువరులు విసుగెత్తేలా చెబుతూనే ఉంది. ఆ పాత పాటనే మళ్లీ ఎత్తుకోవడానికి ఈ వారం కారణమైనది, నెల్లూరు తీరంలో మైపాడు, కోడూరు వైపు ఇళ్ల ముంగిళ్లలో పూసే పసుపు పూల పొదలను సెల్‌ఫోన్ యాప్ ఒక్కో ఫొటోకు ఒక్కో పేరుతో పిలవడమూ, అడిగినవారు ఆ పేర్లన్నింటినీ అంతే నిశ్చింతగా నమ్మడమూను.

గరాటు ఆకారపు పసుపు పూలతో ఈ తీరంలో తరచుగా కనిపించే పెరటి పొదలు మూడు: పచ్చగన్నేరు, అల్లమండ, పచ్చగోట్ల. మూడూ అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చినవే. ఆకును తొడిమ దగ్గర తుంచితే మొదటి రెండింటిలోనూ తెల్లని పాలు ఊరుతాయి, ఎందుకంటే అవి గన్నేరు కుటుంబానివి. పచ్చగోట్లకు పాలు లేవు. ఇక ఆకులు కణుపు వద్ద అమరే తీరును, అంటే పత్రవిన్యాసాన్ని గమనిస్తే, పచ్చగన్నేరుకు సన్నని ఆకులు కణుపుకొకటి చొప్పున కొమ్మ చుట్టూ మెలికగా పైకి సాగుతాయి, అల్లమండకు సాధారణంగా మూడు నాలుగు ఆకులు ఒకే కణుపును చుట్టి ఉంటాయి, పచ్చగోట్లకు ఎదురెదురుగా పుట్టే ఒక్కొక్క ఆకూ రంపపు అంచుగల చిన్న చిన్న పత్రకాలుగా చీలి ఉంటుంది. ఉప్పుగాలికీ ఇసుక నేలకూ ఆకు చిన్నదై దళసరెక్కవచ్చు గానీ, ఈ అమరిక మారదు. కాయ దొరికితే సందేహమే ఉండదు. పచ్చగన్నేరుది పలకలుదేరిన గుండ్రని కాయ, అల్లమండది ముళ్లకాయ, పచ్చగోట్లది రెక్కల గింజలున్న పొడవాటి సన్నకాయ. పచ్చగన్నేరు గింజలో గుండె లయను చెడగొట్టి ప్రాణం తీయగల విషముంది కనుక, పిల్లలు తిరిగే పెరట్లో ఈ తేడా తెలిసి ఉండటం పండితుల ముచ్చట మాత్రమే కాదు.

ఇంత నిదానంగా చూడటాన్ని ఒక వృత్తిగా సాగించినవారిలో రంగయ్య, గోవిందు అనే ఇద్దరు చిత్రకారులను తలచుకోకుండా ఈ ప్రస్తావన ముందుకు సాగదు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు రాజధానిలో పనిచేసిన రాబర్ట్ వైట్ కోసం ముందు రంగయ్య, తరువాత గోవిందు మొక్కల బొమ్మలు వేశారు. 1838 నుంచి 1853 వరకు వెలువడిన వైట్ సంపుటాలలో రెండు వేలకు పైగా పలకలున్నాయి. ఆ పలకల్లో చాలావాటిపై కొమ్మ బొమ్మతో పాటు విడదీసిన పూరేకులు, కేసరాలు, అడ్డంగా కోసిన అండాశయం పెద్దవిగా చేసి కనిపిస్తాయి, ఎందుకంటే ఒక మొక్కను దాని దగ్గరి చుట్టం నుంచి వేరుచేసే ఆధారం తరచుగా కంటికి ఆనని ఆ భాగాల్లోనే దాగి ఉంటుంది. ఒక ఆర్కిడ్ ప్రజాతికి వైట్ గోవిందు పేరే పెట్టాడు. ఆ పేరు తరువాతి వర్గీకరణలో నిలవలేదు. దొరల పుస్తకాల్లో దేశీ చిత్రకారుడి పేరు అచ్చుకావడమే అరుదైన కాలంలో అది చిన్న గౌరవం కాదు.

అయితే ఈ పరీక్షలన్నీ అడవి మొక్కకు సరిపోయినట్లు తోట మొక్కకు సరిపోవు. 1915 నుంచి భాగాలుగా వచ్చిన గాంబుల్ మద్రాసు రాజధాని వృక్షగ్రంథం నెల్లూరు జిల్లాకూ వర్తించేదే అయినా, దాని దృష్టి ప్రధానంగా తనంత తానుగా పెరిగే మొక్కల మీద నిలిచింది. పైగా ముద్దమందారంలో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోతాయి కనుక కేసరాలు లెక్కపెట్టి తేల్చే పద్ధతి అక్కడ చతికిలబడుతుంది. కాగితంపూల సంగతి ఇంకా చిక్కు. అందులో రంగుగా కనిపించేవి పుచ్చాలు, అంటే పువ్వును అంటిపెట్టుకుని ఉండే ఆకులు. అసలు పువ్వు వాటి నడుమ ఉండే సన్నని లేత గొట్టం. ముద్ద రకాల్లో ఆ గొట్టం కూడా కనబడక, పుచ్చాలే గుత్తిగా ఏర్పడి, ఎండినా రాలకుండా కొమ్మనే పట్టుకుని ఉంటాయి. ఒక్కోసారి ఒకే పొదలో ఒక కొమ్మ మాత్రం వేరే రంగు పుచ్చాలు వేస్తుంది. తోటమాలి ఆ కొమ్మను కోసి నాటితే అది మరో రకమై, మరో పేరుతో అమ్ముడవుతుంది.

సాగు మొక్కల పేర్లకు 1953లో విడిగా ఒక అంతర్జాతీయ నియమావళి ఏర్పడిందంటే, కాగితంపూల రకాలను నమోదు చేసే బాధ్యత ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థకు దక్కిందంటే, అందుకు ఇలాంటి చిక్కులే కారణం. కొమ్మ నాటి పెంచిన రకానికి ఆకూ కణుపూ ప్రజాతి వరకు దారి చూపగలవు. ఆ పైన అది ఏ తల్లిమొక్క కొమ్మ, ఎవరి తోట నుంచి వచ్చింది అన్న సమాచారమే దాని ఉనికి. అది గ్రంథాల్లో కన్నా కడియం నర్సరీల వారి దగ్గర, అక్కడి నుంచి మొక్కలు తెచ్చి ఊరూరా అమ్మే బండివారి దగ్గర దొరికే అవకాశమే ఎక్కువ. వారు చెప్పే పేర్లను ఈ శీర్షిక ఇన్నాళ్లూ తేలిగ్గా తీసిపారేసింది గానీ, పచ్చగన్నేరును తేల్చడానికి పాలూ ఆకుల అమరికా చాలినట్లు ముద్ద కాగితంపూలను తేల్చడానికి ఏ పరీక్షా చాలదు కాబట్టి, మొక్క కొనేనాడే దాని ఊరు కూడా అడిగి ఒక చీటీ మీద రాసి పెట్టుకోవడం మేలు.