నిలబడిన గాలి

వైశాఖపు ఎండ బస్తర్ పీఠభూమిని మాడ్చిన మధ్యాహ్నాన, గాలీ, నిన్ను కొలుస్తాను. ఇప్పచెట్ల కింద ఎండుటాకులు ఎగరేసే పిల్ల సుడి వేరు. అది నేల వేడికి లేచి, కాసేపటికే అలిసిపోతుంది. నువ్వు మేఘం కడుపున పడ్డదానివి.

కింది గాలి తూర్పు కనుమలు దాటి బంగాళాఖాతం తేమ మోసుకొస్తుంది. కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలి పొడిగా, జోరుగా వీస్తుంది. ఆ రెంటి తేడాకు నడుమనున్న గాలి చాపచుట్టలా అడ్డంగా దొర్లుతుంది, ఎవరికీ కనపడకుండా. అంతలో బైలడిల్లా కొండల మీద ఉక్క పైకి తన్నుతుంది. దొర్లే నిన్ను నడుం పట్టి లేపి నిలబెడుతుంది. ఇక మేఘమే తిరుగుతుంది! అలాంటి మేఘానికి 1962లో వాతావరణ శాస్త్రవేత్త కీత్ బ్రౌనింగ్ పెట్టిన పేరు సూపర్‌సెల్.

మామూలు ఉరుముల మేఘం తన వానకు తానే చల్లారిపోతుంది. తిరిగే మేఘానికి వాన ఒక పక్క, ఊపిరి ఒక పక్క. గంటల తరబడి బతుకుతుంది. వెనక నుంచి దిగిన చల్లగాలి నీ పాదాలను చుట్టుకుంటుంది. పైనుంచి లాగుడు. సాగినకొద్దీ సన్నబడతావు, సన్నబడినకొద్దీ వడి పెంచుతావు. తొండం నేలను తాకితే టోర్నడో. చాలా సూపర్‌సెల్‌లకు ఆ తొండమే దిగదు. బస్తర్‌లో మరీ అరుదు. ఇక్కడ పిడుగులదే పెత్తనం.

కానీ గోదావరి అవతల, 2024 ఆగస్టు 31 సాయంత్రం, ములుగు జిల్లా తాడ్వాయి-మేడారం అడవిలో 50 వేలకు పైగా చెట్లు కూలాయి. వాయుగుండం రోజులవి, వైశాఖం కాదు. టోర్నడో అన్నారు కొందరు. మేఘం నుంచి సూటిగా దూకిన గాలి అన్నారు మరికొందరు. అలాంటి తగువు తీర్చాలంటే పడిన చెట్లనే అడగాలి. 1974 ఏప్రిల్‌లో అమెరికాను టోర్నడోలు ఊడ్చేశాక వాతావరణ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా విమానంలోంచి అడవులు చూశాడు. కొన్నిచోట్ల చెట్లు ఒకే నడిమి నుంచి నలుదిక్కులకూ వెల్లకిలా పడున్నాయి. అది సుడి పని కాదు, కుప్పకూలిన గాలి పని. సుడి పడేస్తే చెట్ల తలలు దాని దారి వైపే వాలతాయి.

ఇంత పొగిడినా, తునికాకు కట్టలు కల్లాల్లో ఎండే మే నెలలో నీతో నాకు పేచీయే. ఆ నాలుగు రోజులూ మేఘంలోపలే తిరుగు, తల్లీ!